రిపాజిటరీ నిర్వహణ, 5వ పాఠం: చదవడానికి తెరిచి, రాయడానికి మూసి

పోయిన పాఠంలో డేటాబేస్ బ్యాకప్ తీశాం. ఇప్పుడు కొత్త సర్వర్‌కు మారేంతవరకు మన రిపాజిటరీని (థీసిస్‌లు దాచి చూపే డిజిటల్ భండారాన్ని) నడిపే సాఫ్ట్‌వేర్ డీస్పేస్‌లో ఎవరూ ఏమీ చేర్చకుండా, చదువుకునేవాళ్లకు మాత్రం అడ్డు లేకుండా చేద్దాం. లైబ్రరీవాళ్లకు ఇది తెలిసిన పద్ధతే. స్టాక్ వెరిఫికేషన్ రోజుల్లో ఇష్యూ కౌంటర్ మూస్తాం, రీడింగ్ హాలు తెరిచే ఉంచుతాం కదా.

హనుమకొండలో మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను కౌంటర్ మూయలేదు. బతుకమ్మ సెలవుల్లో ఎవరు అప్‌లోడ్ చేస్తారులే అనుకున్నాను. డేటాబేస్ కాపీ అయిపోయాక నర్సంపేట నుంచి ఒక స్కాలర్ తన థీసిస్ ఎక్కించింది. కొత్త సర్వర్‌లో అది లేదు. "సార్, నా థీసిస్ కనిపిస్తలేదు" అని ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతులోని టెన్షన్ నాకింకా గుర్తుంది. పాత మెషీన్‌ను అప్పటికింకా తుడిచేయలేదు కాబట్టి బతికిపోయాం.

థీసిస్ పేరు, రచయిత వంటి వివరాలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి, పీడీఎఫ్‌లు అసెట్‌స్టోర్ ఫోల్డర్‌లో ఉంటాయి. రెండూ ఒకే క్షణంలో కాపీ కావు. ఆ సందులో వచ్చిన ఫైలే తప్పిపోతుంది.

రెండు రోజుల ముందే నోటీసు పెట్టండి. డీస్పేస్ 7.5 నుంచి అడ్మిన్ మెనూలో సిస్టమ్‌వైడ్ అలర్ట్ ఉంది, కౌంట్‌డౌన్ కూడా పెట్టుకోవచ్చు. గడువు తేదీ, వేళ తెలుగులోనూ రాయండి.

అసలు తాళాన్ని డీస్పేస్‌కు ముందుండే వెబ్ సర్వర్‌లో వేయాలి. డీస్పేస్ 7లో చదవడమంతా దాదాపుగా గెట్ అభ్యర్థనలతో జరుగుతుంది. చేర్చడానికి, మార్చడానికి, తీసేయడానికి పోస్ట్, పుట్, ప్యాచ్, డిలీట్ వాడుతుంది. ఆ వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ అయితే, రెస్ట్ సర్వర్‌కు (డీస్పేస్‌లో డేటా అందించే వెనుక భాగానికి) వెళ్లే దారి దగ్గర లిమిట్ అండర్‌స్కోర్ ఎక్సెప్ట్ అనే నిబంధనతో గెట్‌ను మాత్రమే అనుమతించండి. హెడ్ (ఫైలు కాకుండా దాని వివరాలే అడిగే అభ్యర్థన) దానితోపాటే వస్తుంది. లాగిన్ కూడా పోస్ట్ ద్వారానే జరుగుతుంది కాబట్టి అదీ ఆగిపోతుంది. ముందే లాగిన్ అయి ఉన్నవాళ్లు కూడా ఏమీ సేవ్ చేయలేరు.

క్రాన్ పనులను (పెట్టిన వేళకు వాటంతటవే నడిచేవాటిని) మాత్రం మరవకండి. అవి సర్వర్ లోపలి నుంచే నడుస్తాయి, ఈ తాళం వాటికి అడ్డురాదు. కాపీ అయ్యేదాకా విడిగా ఆపాలి.

ఇంకో చిక్కుంది. పరకాలలో ఒక విద్యార్థి ఫోన్లో పీడీఎఫ్ తెరిచినా, ఆ డౌన్‌లోడ్ లెక్క సోలర్‌లోని (డీస్పేస్ వెతుకులాటకు, లెక్కలకు వాడే ఇంజిన్‌లోని) స్టాటిస్టిక్స్‌లో నమోదవుతుంది. అంటే తాళం వేసినా అక్కడ రాత ఆగదు. వెతుకులాట ఇండెక్స్‌ను డేటాబేస్ నుంచి మళ్లీ కట్టుకోవచ్చు. ఈ లెక్కలను అలా కట్టలేం. అందుకే డేటాబేస్, అసెట్‌స్టోర్ కాపీ అయ్యాక, కొత్త సర్వర్‌కు మళ్లించే ముందు, స్టాటిస్టిక్స్‌ను చివరగా ఎగుమతి చేసుకోండి.

ఈ వారం అభ్యాసం టెస్ట్ మెషీన్ మీదే చేయండి. తాళం వేశాక లాగిన్ లేకుండా ఒక థీసిస్ తెరవండి, అది తెరుచుకోవాలి. తర్వాత లాగిన్‌కు ప్రయత్నించండి, 403 (అనుమతి లేదనే సందేశం) రావాలి. లాగిన్ అయిపోతే నిబంధన సరైన దారి మీద పడలేదన్నమాట. తాళం తీసి మళ్లీ లాగిన్ అయి చూడండి. వచ్చే పాఠంలో రెండు సర్వర్లలోని ఫైళ్ల చెక్‌సమ్‌లు (ఫైలు మారిందో లేదో తేల్చే కోడ్‌లు) పోల్చుదాం.