కారు చూసి మనసు పడతారా? కొనే ముందు, ఎక్కించుకునే ముందు చూసుకోవాల్సినవి

సూటి జవాబు ముందే చెప్పేస్తాం. ఖరీదైన కారు మొదటి చూపుకు పనికొస్తుంది. పక్క సీట్లో మనిషి కూర్చున్న పావుగంటకు దాని పని అయిపోతుంది. అక్కణ్ణుంచి మార్కులు పడేది లోపలి వాసనకి, మీరు బ్రేకు వేసే తీరుకి. సంబంధం దాకా వెళ్తే నెలనెలా కట్టే ఈఎంఐకి కూడా.

మొదటి చూపు సంగతి ఉత్త ఊహ కాదు. 2010లో బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకులు ఇద్దరు ఒక మగాణ్ణీ, ఒక అమ్మాయినీ విడివిడిగా ఒకసారి ఖరీదైన బెంట్లీ కాంటినెంటల్‌లో, ఇంకోసారి మామూలు ఫోర్డ్ ఫియెస్టాలో కూర్చోబెట్టి ఫొటోలు తీసి చూపించారు. ఆడవాళ్ళు బెంట్లీలో ఉన్న మగాడికే ఎక్కువ మార్కులు వేశారు. అమ్మాయి ఏ కారులో ఉన్నా మగవాళ్ళకు మాత్రం తేడా కనిపించలేదు. మరుసటి ఏడాది అమెరికాలో అచ్చయిన ఇంకో పరిశోధన దీనికి తోక తగిలించింది. ఖరీదైన పోర్షే బాక్స్‌టర్ కొన్నవాడు, మామూలు హోండా సివిక్ కొన్నవాడు అని ఇద్దరి వివరాలు ఇస్తే, కొన్నాళ్ళ సరదా పరిచయానికి పోర్షేవాడే నచ్చాడు. పెళ్ళి మాట వచ్చేసరికి ఆ పోర్షే ఏమీ కలిసిరాలేదు. ఇలా హంగు చేసేవాడు నిలకడగా ఉండే రకం కాదనే అనుమానం వాళ్ళది.

మన దగ్గర ఆ అనుమానం పడేది అమ్మాయి ఒక్కతే కాదు, ఇంటిల్లిపాదీ. కారు గేటు ముందు ఆగగానే మోడల్ చూసేది తమ్ముడు. నంబరు ప్లేటు చూసేది మేనమామ.

నంబరు ప్లేటు చెప్పేసే సంగతులు

పెళ్ళిచూపులకు సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకుని వెళ్ళాలనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. సొంత బండికి తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు, ట్యాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు, సెల్ఫ్ డ్రైవ్ అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. అద్దె కారని వీధి చివరి నుంచే తెలిసిపోతుంది. అద్దెకు తేవడంలో తప్పేమీ లేదు, పదిమంది వెళ్ళాలంటే తప్పదు కూడా. ‘అందరం పట్టాలని అద్దెకు తెచ్చామండీ’ అని మీరే ముందు అనేస్తే ఆ ముచ్చట అక్కడితో అయిపోతుంది. దాచబోతేనే తంటా.

స్నేహితుడి కారు తెచ్చినా అంతే. ప్రభుత్వ రవాణా శాఖ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే యజమాని పేరు కొన్ని అక్షరాలు కప్పేసి చూపిస్తుంది. రిజిస్ట్రేషన్ తేదీ, ఏ ఇంధనం, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కూడా వస్తాయి. కాఫీ చల్లారేలోపు అయిపోయే పని అది. ఇన్సూరెన్స్ గడువు దాటిన పెద్ద కారు కంటే, కాగితాలన్నీ సరిగ్గా ఉన్న చిన్న కారుకే మేనమామ దగ్గర పరువు ఎక్కువ. పెండింగు చలానాలు కూడా ముందే కట్టేయండి. అతిథులు లోపల కూర్చుని ఉండగా చౌరస్తాలో పోలీసు బండి పక్కకు తీయమంటే ఇక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

కొనాలనే ఉంటే ఈ లెక్క వేయండి

చేతికి 60,000 జీతం వస్తుందనుకుందాం. 10 లక్షల లోను, 9.5 శాతం వడ్డీ. ఏడేళ్ళకైతే ఈఎంఐ సుమారు 16,350, ఐదేళ్ళకైతే సుమారు 21,000. షోరూమ్‌లో ఏడేళ్ళదే ముందు చూపిస్తారు, ఎందుకంటే అంకె చిన్నగా కనపడుతుంది. వడ్డీ మాత్రం 2.6 లక్షల నుంచి 3.73 లక్షలకు ఎక్కుతుంది. ఏడేళ్ళ లోనులో మూడేళ్ళు కట్టాక కూడా ఇంకా 6.5 లక్షలు బాకీ ఉంటుంది. అప్పుడు అమ్మాలనుకుంటే బండికి వచ్చే ధర ఆ బాకీకి సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు.

ఈఎంఐ ఒక్కటే ఖర్చు కాదు. నెలకు 800 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 13 వచ్చే బండికి 61, 62 లీటర్లు పడుతుంది. లీటరు 107 అనుకుంటే 6,600. ఏడాది ఇన్సూరెన్స్ 40,000 అనుకుంటే నెలకు 3,300. సర్వీసింగుకు వెయ్యి. ఏడేళ్ళ లోను లెక్కనే మొత్తం 27,000 దాటింది, అంటే జీతంలో 45 శాతం. ఇక మిగిలిన 33,000లో అద్దె, ఇంటికి పంపేవి, తిండి. కారులో షికారుకు తీసుకెళ్ళి, బిల్లు వచ్చేసరికి ఫోన్‌లో బ్యాలెన్స్ చూసుకునే మనిషి ఎవరికీ ఆకర్షణీయంగా కనపడడు.

మా సలహా ఇది: ఈఎంఐ, పెట్రోలు, ఇన్సూరెన్స్, సర్వీసు అన్నీ కలిపి చేతికొచ్చే జీతంలో నాలుగో వంతు దాటకూడదు. లోను ఐదేళ్ళకు మించకూడదు. లెక్క వేసేది ఎక్స్‌షోరూమ్ ధర మీద కాదు, ఆన్‌రోడ్ ధర మీద. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీల పేరుతో కలిపేవీ అందులోనే ఉంటాయి. వాటిలో యాక్సెసరీలు వద్దనే హక్కు మీకుంది. ఇన్సూరెన్స్ బయట కూడా తీసుకోవచ్చు, రెండు మూడు చోట్ల రేటు అడగండి.

‘పెళ్ళయ్యాక అత్తారింటివాళ్ళు కొనిస్తారులే’ అనేది లెక్కలోకి రాదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం తీసుకుంటే కనీస శిక్ష ఐదేళ్ళ జైలు.

పదేళ్ళ జర్మన్ కారు మోజు

కొత్త హ్యాచ్‌బ్యాక్ ధరకే పాత బెంజో, ఆడీయో వస్తుందంటే మనసు లాగడం సహజం. హైదరాబాద్‌లో ఇలా దొరికేవాటిలో ఢిల్లీ బండ్లు చాలా ఉంటాయి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ కార్లపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆంక్షలు పెట్టాక అవి తక్కువ ధరకు బయటి రాష్ట్రాలకు రావడం మొదలైంది. చెప్పిన ధరకు ఇంకా ఏం కలుస్తాయో చూడండి. ఢిల్లీ ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం కావాలి. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి తిప్పాలంటే ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించి, ఇక్కడి ట్యాక్స్ కట్టాలి. పాత లోను తీరినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం లేకపోతే ఆ బండి జోలికే వెళ్ళకండి.

బండి చూడ్డానికి పగలే వెళ్ళండి. సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగండి. కింది భాగంలో బురద చార, ముక్కిన వాసన ఉంటే అది వరదలో మునిగిన బండి కావచ్చు. సీట్లు, మ్యాట్లు మార్చినవాడు కూడా బెల్టు మార్చడం మరిచిపోతాడు. టైరు మీద నాలుగంకెల ముద్ర చూడండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. మీటరు 40,000 చూపిస్తూ బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటే, స్టీరింగ్ తోలు మెరుస్తుంటే, మీటరు వెనక్కి తిప్పారేమోనని అనుమానించాలి. కంపెనీ సర్వీసు సెంటర్లో ఆ నంబరు మీద ఉన్న చరిత్ర అడగండి. చివరగా రాత్రంతా ఆపిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్ళేసరికే ఇంజన్ వేడిగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి.

ఇన్ని దాటినా రిపేరు ఖర్చు మాత్రం కొత్త బండి ధర లెక్కనే వస్తుంది. కారు పాతబడింది కదా అని దాని ఎయిర్ సస్పెన్షన్ చవకవదు. పార్టు కోసం నెలరోజులు షెడ్డులో పడున్న ఆడీ కంటే రోజూ కదిలే ఆల్టో నయం.

బయట హంగులు

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. సన్ ఫిల్మ్ సంగతి: ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది రూలు. నల్ల ఫిల్ములపై 2012లో సుప్రీంకోర్టు గట్టి తీర్పిచ్చింది. పోలీసులు రోడ్డు మీదే పీకించేస్తారు, పీకిన జిగురు మరకతోనే మీరు ముందుకెళ్ళాలి. బంపరుకు ఇనుప గార్డులను కేంద్రం 2017 డిసెంబరులో వద్దంది. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లకు దెబ్బ సరిగ్గా అందకుండా అవి అడ్డుపడతాయి. సైలెన్సర్ మార్చి మోత పెంచితే రాత్రి పదకొండుకు కాలనీ మొత్తం మిమ్మల్ని గుర్తుపడుతుంది, ఆ గుర్తింపు మీకు కావాల్సింది కాదు. వెనక అద్దం మీద కులం పేరు రాయించుకునేవాళ్ళు చూసేవాళ్ళలో ఎందరిని దూరం చేసుకుంటున్నారో ఒకసారి లెక్కేసుకోవాలి. ఫ్యాన్సీ నంబరు మీ ఇష్టం. హైదరాబాద్‌లోని ఖైరతాబాద్ ఆర్టీవో ఆఫీసులో 9999 కోసం వేలం 20 లక్షలు దాటిన సందర్భాలున్నాయి, ఆ డబ్బుకు ఇంకో కారే వచ్చేది.

ఉన్న కారునే తయారు చేయడం

అసలు పని ఇది. ఆరేళ్ళ చిన్న కారైనా ఒక ఆదివారం, సుమారు వెయ్యి, పన్నెండు వందల ఖర్చుతో కొత్తదానిలా అనిపిస్తుంది.

ముందురోజు రాత్రి మ్యాట్లు తీసేసి, కింద పరిచిన కార్పెట్ మీద వంటసోడా ఒక వంద గ్రాములు చల్లి అలాగే వదిలేయండి. పొద్దున వ్యాక్యూమ్‌తో లాగేయండి. కార్పెట్ తడిగా ఉంటే సోడా చల్లకండి, ముద్దకట్టి ఇంకో బాధ. ముందు ఎండబెట్టండి. తడి మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి లోపలికి కారుతోందేమో మెకానిక్‌తో చూపించండి.

ఏసీ వేయగానే పుల్లటి వాసన వస్తోందా? దానికి మందు పెర్ఫ్యూమ్ కాదు. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ (ముందు ఎడమ సీటుకు ఎదురుగా ఉండే అర) వెనక లోపలి గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది. గ్లవ్ బాక్స్ రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి దిగుతుంది, వెనక సన్నటి మూత తీస్తే ఫిల్టర్ జారి వస్తుంది. ఆకులు, నల్ల దుమ్ము పట్టి ఉంటే మార్చేయాల్సిందే. కొత్తది పెట్టేటప్పుడు దాని మీది బాణం గుర్తు పాతది ఉన్న వైపే ఉండాలి. తిరగేసి పెట్టడం అందరూ చేసే తప్పు. ఆ తర్వాత ఒక అలవాటు: ఇల్లు చేరడానికి మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం తిరగనివ్వండి. లోపలి కాయిల్ ఆరిపోతే బూజు పట్టదు, వాసన రాదు.

సీట్ల మీద షోరూమ్ పాలిథీన్ కవర్లు ఇంకా ఉంటే ఈ రోజే చింపేయండి. ‘కొత్త కారు’ అని చూపించుకోవడానికి ఏళ్ళ తరబడి ఉంచుతారు. చెమట కింద ఇంకి, ఎండకు ప్లాస్టిక్ వాసన పెరిగి, ఎక్కినవాళ్ళకు తల తిరుగుతుంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే మామూలు సీటు కవర్లు కూడా వేయకండి, బ్యాగు తెరుచుకోవడానికి అడ్డం వస్తాయి. డ్యాష్‌బోర్డు మీద, ఎయిర్‌బ్యాగ్ మూతకు ఎదురుగా దేవుడి బొమ్మ అతికించి ఉంటే దాన్ని పక్కకు మార్చండి. బ్యాగు పేలితే అది రాయిలా ముఖాన పడుతుంది.

కడగడం నీడలోనే. మన బోరు నీళ్ళు ఎండలో ఆరితే తెల్ల మచ్చలు పడతాయి. పడి ఉంటే వెనిగర్, నీళ్ళు సగం సగం కలిపి గుడ్డతో తుడిచి వెంటనే మంచి నీళ్ళతో కడిగేయండి. రెండు బకెట్లు పెట్టుకోండి: ఒకదాంట్లో కార్ షాంపూ, ఇంకోదాంట్లో వట్టి నీళ్ళు. గుడ్డను ప్రతిసారీ వట్టి నీళ్ళలో జాడించాకే షాంపూలో ముంచాలి. ముందు నీళ్ళు కొట్టి దుమ్ము దించి, పైకప్పు నుంచి కిందికి రండి. టైర్లు చివర, వేరే గుడ్డతో. బట్టల పౌడరు వద్దు, మైనపు పూత పోతుంది. పొద్దున్నే పొడి గుడ్డతో దుమ్ము దులపడం అసలే వద్దు. ఆ దుమ్ములోని ఇసుకే నల్ల కారు మీద సాలెగూడు లాంటి గీతలు గీస్తుంది.

డ్యాష్‌బోర్డుకు నూనెలా మెరిసే పాలిష్ పూయకండి, ఎండలో అది ముందద్దంలో ప్రతిబింబించి కళ్ళు చెదురుతాయి. తడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. ముందద్దం లోపలి వైపు కూడా తుడవండి, అక్కడ పట్టే సన్నటి జిడ్డు రాత్రి ఎదురు లైట్లకు పొగమంచులా కనపడుతుంది. పెర్ఫ్యూమ్ పెట్టాలంటే చిన్న జెల్ డబ్బా సీటు కింద పెట్టండి. అద్దానికి వేలాడే సీసా కారితే ప్లాస్టిక్ కరిగి మచ్చ పడుతుంది. మల్లెపూలు పెట్టుకున్న మనిషి ఎక్కుతారనుకుంటే ఏ పెర్ఫ్యూమూ వద్దు.

నడిపే తీరు

ఎక్కించుకునే ముందు రెండు నిమిషాలు అద్దాలన్నీ దించి వేడిగాలి పోనివ్వండి, తర్వాతే ఏసీ. గాలి మొహం మీద కాకుండా కొంచెం పైకి తిప్పండి. ఆగేటప్పుడు బ్రేకు ముందుగా, మెల్లగా మొదలుపెట్టి, బండి పూర్తిగా నిలిచే చివరి క్షణంలో పాదం పిసరంత వదలండి. అప్పుడు తల ముందుకూ వెనక్కూ ఊగదు. ఇంట్లోంచి వీధి చివరిదాకా, మూత తీసిన ముప్పాతిక నీళ్ళ సీసా కప్ హోల్డర్‌లో పెట్టి సాధన చేయండి. చుక్క ఒలకకపోతే మీరు సిద్ధం.

ఫోన్‌ను బ్లూటూత్‌కు కలిపి ఉంచకండి, ఫైనాన్సు కంపెనీ ఫోన్ స్పీకర్లో మోగుతుంది. పెట్రోల్ బంకులో కుర్రాణ్ణి ‘ఒరేయ్’ అని పిలవకండి, పక్కన కూర్చున్నవాళ్ళకు కారు కంటే ఆ పిలుపే ఎక్కువ గుర్తుంటుంది. దింపేటప్పుడు ఎడమవైపు కాలువ, బురద లేనిచోట చక్రం ఆనించి ఆపండి. హెడ్‌లైట్లు డిమ్‌లో ఉంచి, దిగినవాళ్ళు లోపలికి వెళ్ళి గేటు గడియ పడ్డాక కదలండి. హారన్ అక్కర్లేదు.