థైమస్ గడ్డ ఆపరేషన్‌కు వెళ్లే ముందు

థైమోమా (ఛాతీలోని థైమస్ గ్రంథిలో వచ్చే గడ్డ) ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి మయస్తీనియా గ్రేవిస్ (నరాల సంకేతం సరిగా అందక కండరాలు నీరసపడే జబ్బు) కూడా ఉంటుంది. అందుకే అడ్మిట్ అయ్యేలోపు ఇవి చూసుకోండి.

- కండరాల నీరసం లేకపోయినా ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ రక్తపరీక్ష (మయస్తీనియాను పట్టేది) చేయించారా? నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. దాగి ఉన్న జబ్బు మత్తు ఇచ్చాక బయటపడితే వెంటిలేటర్ తీయడం కష్టమవుతుంది.

- సాయంత్రానికి రెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, అన్నం సగంలో నమలలేక దవడకు చెయ్యి ఆనించి ఆగిపోవడం... "వయసు మీద పడింది కదా" అని సరిపెట్టుకోకుండా మత్తు డాక్టరుకు చెప్పండి.

- మయస్తీనియాకు పిరిడోస్టిగ్మిన్ మందు వాడుతుంటే, ఏ టైముకు ఎంత వేసుకుంటున్నారో రాసిపెట్టుకోండి. ఆపరేషన్ రోజు వేసుకోవాలో వద్దో డాక్టరే చెప్పాలి. స్టెరాయిడ్ సొంతంగా ఆపొద్దు.

- జ్వరమొచ్చిందని మందుల షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ తెచ్చుకోవద్దు. జెంటామైసిన్, మెగ్నీషియం ఇంజెక్షన్లతోనూ నీరసం ముదరొచ్చు. ఈ పేర్లు ఫైలు అట్ట మీదే ఎర్ర పెన్నుతో రాయండి.

- హిమోగ్లోబిన్, ఇమ్యునోగ్లోబులిన్లు (ఇన్ఫెక్షన్లతో పోరాడే ప్రోటీన్లు) కూడా చూపించుకోండి. థైమోమాతో అవీ పడిపోవచ్చు.

- మింగడం, ఊపిరి కష్టమైతే డేటు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. అవసరమైతే ముందు ప్లాస్మా మార్పిడో (రక్తంలోని హానికర యాంటీబాడీలను తీసేయడం) ఐవీఐజీయో (నరంలోకి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించడం) చేసి, ఆ తర్వాతే ఆపరేషన్ పెట్టుకుంటారు.