ట్రీట్ కనిపిస్తేనే మాట వినే కుక్కపిల్ల కాకుండా ఉండాలంటే: సిట్, డౌన్, కమ్, స్టే నేర్పే పద్ధతి

కుక్కపిల్ల ఇంటికి రాగానే చాలామంది చేసే మొదటి పని, ట్రీట్ ఒకటి దాని మూతి ముందు పట్టుకుని సిట్ సిట్ సిట్ సిట్ అంటూ ఉండటం. అదేమో ఎగురుతుంది, చెయ్యి గీరుతుంది, తోక ఊపుకుంటూ గుండ్రంగా తిరుగుతుంది, చివరికి మనకే ఓపిక అయిపోయి పోనీలే పాపం అని పెట్టేస్తాం. దాని లెక్కలో ఏం జరిగిందంటే, గీరితే తిండి వచ్చింది, సిట్ అంటే ఆ టైంలో ఈ మనిషి చేసే ఏదో శబ్దం. ట్రీట్ రావడానికి సరిగ్గా ముందు సెకనులో అది ఏం చేస్తోందో అదే దాని బుర్రకి ఎక్కుతుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా ట్రైనింగ్ అంతా దాని చుట్టూ తిరిగేదే.

వయసు విషయం ముందే చెప్పేస్తా. ఎనిమిది వారాల పిల్లకి కూడా నేర్పొచ్చు. ఆరు నెలలు వచ్చేదాకా ఆగమని చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు, అది మెడకి చెయిన్ బిగించి గుంజి నేర్పే రోజుల నాటి మాట, చిన్నపిల్లని అలా గుంజలేరు కాబట్టి ఆగేవాళ్ళు. ట్రీట్స్‌తో నేర్పేటప్పుడు ఆగాల్సిన పనే లేదు. వ్యాక్సిన్లు పూర్తికాలేదంటే వీధి కుక్కలు తిరిగే చోటికి తీసుకెళ్ళకండి, ఇంట్లో ట్రైనింగ్‌కి మాత్రం అదేం అడ్డు కాదు.

ట్రీట్ అంటే పెద్ద బిస్కెట్ కాదండీ. బఠాణీ గింజంత, చిన్న జాతి పిల్ల అయితే అందులో సగం, మెత్తగా ఉండాలి, నమలకుండా గుటుక్కున మింగేయాలి. గట్టి బిస్కెట్ ఇస్తే అది కరకరా నమిలి, కింద పడిన పొడి నాకి, మళ్ళీ మనవైపు చూసేసరికి అసలు ఎందుకు ఇచ్చామో మర్చిపోతుంది. ఇంట్లో మామూలు ప్రాక్టీస్‌కి రోజూ పెట్టే డాగ్ ఫుడ్ గింజలే సరిపోతాయి, తిండి టైంకి కాస్త ముందు చేస్తే ఆకలి మీద ఉంటుంది కాబట్టి ఇంకా బాగా పనిచేస్తుంది. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్ లాంటిది కష్టమైన వాటికి దాచుకోండి, నా ఓటైతే మొత్తం కమ్ అనే కమాండ్‌కే. రోజు మొత్తం తినే క్యాలరీల్లో ట్రీట్స్ పది శాతం దాటకూడదు, చిన్న పొట్ట, ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి ఇవి కుక్కలకి విషం. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌ల్లోనూ కొన్ని పీనట్ బటర్లలోనూ ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం అయితే మరీ ప్రమాదం, కొంచెం పోయినా రక్తంలో షుగర్ లెవెల్ ఒక్కసారిగా పడిపోతుంది, అందుకే పీనట్ బటర్ వాడేవాళ్ళు డబ్బా వెనకాల రాసింది చదివే వాడండి.

కమాండ్లకి ముందు ఒక చిన్న పని ఉంది. యస్ అనే మాటకి విలువ తేవాలి. ఏమీ అడగొద్దు, ఊరికే యస్ అనండి, వెంటనే ఒక ట్రీట్ ఇవ్వండి, అలా ఓ పది పదిహేను సార్లు. కాసేపటికి యస్ వినగానే తల తిప్పి ఏదీ ఏదీ అన్నట్టు చూస్తుంది, అంటే ఎక్కిందన్నమాట. ఇదెందుకంటే జేబులోంచి ట్రీట్ తీసి నోటిదాకా తెచ్చేలోపు పిల్ల లేచిపోతుంది, దిక్కులు చూస్తుంది, అదే యస్ అన్న మాటైతే అది కూర్చున్న క్షణంలోనే ఫోటో తీసినట్టు పడుతుంది, ట్రీట్ ఒకట్రెండు సెకన్లు లేటైనా పర్లేదు. క్లిక్కర్ (నొక్కితే టిక్ మని శబ్దం చేసే చిన్న ట్రైనింగ్ పరికరం) ఉంటే అదీ ఇదే పని చేస్తుంది. కాకపోతే ఒక జాగ్రత్త, ముందు మాట, తర్వాతే చెయ్యి కదలాలి. యస్ అనకముందే చెయ్యి జేబులోకి పోయిందనుకోండి పిల్ల మన మాట వదిలేసి చేతిని చదవడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు సిట్. ట్రీట్‌ని వేళ్ళ మధ్య పట్టుకుని దాని ముక్కుకి ఆనించినంత దగ్గర పెట్టండి, నిదానంగా పైకి, కొంచెం వెనక్కి, రెండు చెవుల మధ్యకి తీసుకెళ్ళండి. ముక్కు చేతి వెంట పైకి లేస్తుంది, మెడ వెనక్కి వంగుతుంది, అప్పుడు వెనక కాళ్ళు మడత పడటం మొదలవుతుంది, అక్కడ తొందరపడకండి, పిర్ర నేలకి తగిలిన క్షణంలో యస్, ట్రీట్. ముందు కాళ్ళు లేపి ఎగురుతోందంటే మీ చెయ్యి మరీ ఎత్తులో ఉందని అర్థం, దించండి. వెనక్కి వెనక్కి నడుస్తోందంటే గోడ దగ్గరకి తీసుకెళ్ళి చేయండి. నడుం మీద చేత్తో నొక్కి కూర్చోపెట్టడం మాత్రం వద్దు, నొక్కితే అది ఎదురు తోస్తుంది, కూర్చోవడం దానంతటదే చేసిన పని అవ్వాలి. ఇంతవరకు సిట్ అనే మాట అననేలేదు చూడండి, కావాలనే.

ఇలా నాలుగైదు సార్లు అయ్యాక చాలామంది వదిలేసే స్టెప్ వస్తుంది. చేతిలో ట్రీట్ లేకుండా అదే కదలిక చేయండి, వేళ్ళు పట్టుకున్నట్టే ఉండాలి కానీ ఖాళీ. కూర్చుంటుంది, యస్ అని ఇంకో చేత్తోనో వెనకాల పెట్టుకున్న డబ్బాలోంచో ఇవ్వండి. ట్రీట్ కళ్ళకి కనిపించకపోయినా పని చేస్తే వస్తుందని దానికి తెలిసేది ఇక్కడే, ట్రీట్ చూపిస్తేనే వింటుంది అని తర్వాత బాధపడేవాళ్ళలో ఎక్కువమంది ఇది చేయనివాళ్ళే. ఖాళీ చేతికి గ్యారంటీగా కూర్చుంటోంది అన్నప్పుడు మాట కలపండి. ముందు సిట్ అని ఒక్కసారి, ఒక సెకను ఆగి, అప్పుడు చెయ్యి. రెండూ ఒకేసారి చేస్తే మాట వినపడదు దానికి, చెయ్యి ఒక్కటే చూస్తుంది. కొన్నాళ్ళకి చెయ్యి లేవకముందే కూర్చుంటుంది. ఒక్కసారే అనండి అంటే నిజంగా ఒక్కసారే, నాలుగుసార్లు అంటే నాలుగోసారికి కూర్చోవాలని నేర్చుకుంటుంది.

డౌన్ కూడా ఇదే దారి, కూర్చున్నాక ట్రీట్‌ని ముక్కు దగ్గర్నుంచి తిన్నగా ముందు కాళ్ళ మధ్యకి నేలకి దించి, నేల మీదే మెల్లగా మీ వైపు లాగండి. మోచేతులు నేలకి తగిలితే యస్. చాలా పిల్లలు తల దించి పిర్ర లేపుతాయి, అప్పుడు సగం దిగినదానికి కూడా ఇచ్చుకుంటూ వెళ్ళండి. చల్లటి నున్నటి టైల్స్ మీద కొన్ని పడుకోవు, కింద చాప వేస్తే చాలు.

కమ్ మీద మాత్రం టైం పెట్టండి, గేటు తెరుచుకుని రోడ్డు మీదకి పరిగెత్తిన రోజు ప్రాణం కాపాడేది ఇదొక్కటే. మొదట ఒకే గదిలో రెండడుగుల దూరం నుంచి, పేరు పిలిచి కమ్ అని సంతోషంగా అని మీరే వెనక్కి నాలుగడుగులు వేయండి, మనం దూరంగా పోతుంటే పిల్లలు వెంటపడతాయి, అదే మనం వాటి వెనక పరిగెత్తితే ఆట అనుకుని ఇంకా దూరం పోతాయి. వచ్చాక ఒక చేత్తో కాలర్ మెల్లగా పట్టుకుని రెండో చేత్తో ట్రీట్ ఇవ్వండి, కాలర్ పట్టుకోవడం మంచి విషయమే అని అలవాటవ్వాలి, లేకపోతే చేతికి అందనంత దూరంలో ఆగి డాన్స్ చేస్తుంది. ఇంట్లో ఇద్దరుంటే రెండు మూలల్లో కూర్చుని మార్చి మార్చి పిలవండి, పిల్లకి ఇంతకన్నా ఇష్టమైన ఆట ఉండదు. ఇక స్నానానికి, గోళ్ళు కత్తిరించడానికి, బోనులో పెట్టడానికి, తిట్టడానికి కమ్ అని పిలవకండి, అలాంటప్పుడు మీరే వెళ్ళి ఎత్తుకుని రండి. అరగంట రాకుండా ఏడిపించి చివరికి వచ్చిందనుకోండి, ఎంత కోపమున్నా మింగేసి ట్రీట్ ఇవ్వాల్సిందే, ఎందుకంటే తిడితే అది పారిపోయినందుకు అనుకోదు, వచ్చినందుకు అనుకుంటుంది. బయట పూర్తిగా నమ్మకం కుదిరేదాకా పొడుగు తాడు ఉండాలి.

స్టే నేర్పేటప్పుడు మూడు రకాల కష్టం ఉంటుంది, ఎంతసేపు, ఎంత దూరం, చుట్టూ ఎంత గోల. ఒకసారి ఒక్కటే పెంచండి. ముందు ఎదురుగానే నిలబడి రెండు సెకన్లు, తర్వాత ఐదు, పది, అప్పుడు ఒకడుగు వెనక్కి వేసి మళ్ళీ రెండు సెకన్ల నుంచి మొదలు. ట్రీట్‌ని మీరు దాని దగ్గరకి వెళ్ళి కూర్చున్న చోటే ఇవ్వండి, తర్వాత ఓకే అని వదలండి, ఆ ఓకే లేకపోతే స్టే ఎప్పుడు అయిపోయిందో అదే డిసైడ్ చేసుకుంటుంది. మధ్యలో లేచిందంటే కోప్పడకండి, మీరే ఎక్కువ అడిగారు, సగానికి తగ్గించండి.

సెషన్ మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు, రోజులో మూడు నాలుగుసార్లు. ఆవలిస్తోంది, నేల వాసన చూస్తోంది, పట్టీ కొరుకుతోంది అంటే అయిపోయినట్టే, తేలిగ్గా చేసేది ఒకటి చేయించి ఆపేయండి. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి, ఒకరు డౌన్ అంటే పడుకో అని, ఇంకొకరు డౌన్ అంటే సోఫా దిగు అని అంటే పాపం అదేం చేస్తుంది. హాల్లో వచ్చిన సిట్ మెట్ల మీద రాదు, పార్కులో అసలే రాదు, కొత్త చోట మళ్ళీ చేతి కదలిక నుంచి మొదలుపెట్టండి, ఈసారి త్వరగానే వస్తుంది.

ట్రీట్స్ ఎప్పుడు తగ్గించాలి అంటే, ఒక చోట పదిసార్లలో ఎనిమిది తొమ్మిదిసార్లు మాటకే చేస్తున్నప్పుడు. ఒక్కసారిగా మానేయకండి, ఓసారి ఇచ్చి, ఓసారి మెచ్చుకుని, ఓసారి అనుకోకుండా వరసగా మూడు ఇచ్చి, ఎప్పుడొస్తుందో తెలియకుండా చేయండి. తిండి కాని జీతాలు కూడా ఉన్నాయి, బంతి విసిరేముందు సిట్, తలుపు తీసేముందు సిట్, అన్నం గిన్నె కింద పెట్టేముందు సిట్, ఇక్కడ ట్రీట్ అక్కర్లేదు. కమ్‌కి మాత్రం తగ్గించొద్దు, పెద్దయ్యాక కూడా ఇస్తూనే ఉండండి, అందులోనూ ఆరు నెలలు దాటాక కొన్నాళ్ళు విన్నా విననట్టు నటించే వయసొకటి వస్తుంది, అప్పుడు మళ్ళీ తాడు కట్టి చికెన్ బయటికి తీయాల్సిందే.

ట్రీట్ ఇస్తుంటే వేళ్ళు కొరికేస్తోందా, వేళ్ళతో అందించకుండా అరచెయ్యి చాపి మధ్యలో పెట్టి ఇవ్వండి. అప్పటికీ దూకుతుంటే పిడికిలి మూసేసి కదలకుండా ఉండండి, నాకుతుంది, పళ్ళతో గోకుతుంది, ఏమీ అనకండి, మూతి వెనక్కి తీసిన క్షణంలో యస్ అని ఇంకో చేత్తో ఇవ్వండి. ఇది కుదిరాక లీవ్ ఇట్ అనే మాట కలిపితే కింద పడిన మాత్రని నోట్లో వేసుకోకుండా ఆపే కమాండ్ కూడా దీన్నుంచే వస్తుంది.