ఓపెన్ హార్డ్‌వేర్‌ను మన బోర్ల దగ్గర మొదలుపెడదాం

పాకాలలో మోటర్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. ఎండాకాలంలో మా దగ్గరికి వచ్చే మోటర్లు ఎక్కువగా రెండు కారణాలతోనే కాలి ఉంటాయి. బోరులో నీళ్లు అడుగంటినా మోటర్ తిరుగుతూనే ఉండటం ఒకటి, మూడు ఫేజుల్లో ఒకటి పోవడం ఇంకొకటి. దీన్ని ఆపే కంట్రోల్ బోర్డులు మార్కెట్లో ఉన్నాయి. అవి చెడిపోతే మాత్రం సర్క్యూట్ డయాగ్రం దొరకదు, కొన్నిట్లో ఐసీ (చిప్) మీద నంబరు కూడా గీకేసి ఉంటుంది. పెట్టె మొత్తం మార్చాల్సిందే. రైతు డబ్బూ పోతుంది, మన మెకానిక్ చేతిలో పనీ పోతుంది. అందుకే ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్, అంటే ఎవరైనా చూసి, చేసి, మార్చి, అమ్ముకునేలా డిజైన్ బయటపెట్టిన వస్తువులు, మన తిరుపతి, చిత్తూరు జిల్లాలకు కావాలని గట్టిగా నమ్ముతున్నాను.

ముందు వస్తువును ఎంచుకోవాలి. అది చాలామందికి కావాల్సిందై ఉండాలి, ఊళ్లోనే రిపేరు అయ్యేదై ఉండాలి. రోబోతో మొదలుపెడితే కాలేజీ ఎగ్జిబిషన్ దగ్గరే ఆగిపోతుంది. బోరు స్టార్టరు ఉంది, దామలచెరువు మండీలో మామిడి తూకం ఉంది, పలమనేరు వైపు పట్టుపురుగుల షెడ్లలో వేడి, తేమ చూసుకునే పని ఉంది.

నేనైతే బోరు బోర్డుతోనే మొదలుపెట్టమంటాను. నీళ్లు లేకుండా తిరిగే మోటర్ తీసుకునే కరెంటు బాగా తగ్గిపోతుంది. వైరుకు ఒక సీటీ (కరెంటు ఎంతో కొలిచే కాయిల్) తొడిగి, ఆ తేడా కనిపెట్టి, కాంటాక్టర్‌ను (మోటర్‌కు కరెంటు ఇచ్చే స్విచ్‌ను) వదిలించాలి. నీళ్లు ఊరేదాకా ఆగి మళ్లీ స్టార్ట్ చేయాలి. ఫేజు పోయింది తెలియాలంటే మూడు ఫేజుల మీదా కన్నేసి ఉంచాలి. ఎన్ని ఆంప్స్ దగ్గర ఆపాలన్నది మోటర్‌ను బట్టి, బోరును బట్టి మారుతుంది. కాబట్టి బిగించేటప్పుడు సెట్ చేసుకోవడానికి ఒక నాబ్ తప్పనిసరి.

తర్వాత ఫైళ్లు. పీడీఎఫ్ బొమ్మ ఒక్కటి పెట్టి ఓపెన్ అంటే కుదరదు. ఇంకొకరు తెరిచి మార్చుకోగలగాలి. సర్క్యూట్ బోర్డులు గీసే కైక్యాడ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో గీసిన అసలు ఫైళ్లే ఇవ్వండి. విడిభాగాల లిస్టు, ప్రోగ్రాం, బిగించే పద్ధతి కూడా ఇవ్వండి. లిస్టులో ప్రతి భాగం పక్కనా చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికే ప్రత్యామ్నాయం రాయండి. ఒక్క రిలే దొరక్క పని ఆగిపోతే ఆ డిజైన్ ఎవరికీ ఉపయోగపడదు. ఇది 415 వోల్టుల పని. ఏ టెస్టులు చేశారో, ఏది ముట్టుకోకూడదో తెలుగులో స్పష్టంగా రాయాలి.

లైసెన్స్ విషయం తేల్చుకోకుండా ఫైళ్లు బయటపెట్టకండి. యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థ రాసిన హార్డ్‌వేర్ లైసెన్స్ రెండో వెర్షన్ 2020లో వచ్చింది. అందులో మూడు రకాలున్నాయి. నేను ఎస్ రకమే వాడమంటాను. దాని ప్రకారం డిజైన్‌ను మార్చి అమ్మేవాళ్లు ఆ మార్పులనూ అందరికీ ఇవ్వాలి. కొందరు 'అమ్ముకోకూడదు' అనే షరతు పెడతారు. అలా పెడితే అది ఓపెన్ హార్డ్‌వేర్ కాదు. పైగా మనకు కావాల్సిందే నలుగురు అమ్ముకుని బతకడం.

ఎవరైనా చేసుకోవచ్చంటే మనకేం మిగులుతుందని మా కుర్రాళ్లు అడుగుతుంటారు. 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో మొదలైన ఆర్డ్యునో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డును చూడండి. బోర్డు డిజైన్ అందరిదీ, పేరు మాత్రం వాళ్ల ట్రేడ్‌మార్క్. మనమూ అంతే చేయొచ్చు. డిజైన్ ఊరికే ఇచ్చి బిగించినందుకు, గ్యారంటీకి, నేర్పినందుకు డబ్బు తీసుకుందాం. పాకాలలో ఒకరు, పీలేరులో ఒకరు, పుత్తూరులో ఒకరు చేస్తే రైతుకు రిపేరు దగ్గర్లోనే దొరుకుతుంది. నలుగురూ కలిసి ఒకేసారి విడిభాగాలు తెప్పిస్తే రేటూ తగ్గుతుంది. అమ్మిన ప్రతి బోర్డు మీదా కొంత పక్కన పెట్టి, డిజైన్‌ను చూసుకునే మనిషికి ఇవ్వాలి. దీన్ని మాత్రం మొదటి రోజే మాట్లాడుకోండి. ఆ మనిషికి ఇల్లు గడవకపోతే ఏడాది తిరిగేసరికి ఫైళ్లు పట్టించుకునే వాళ్లే ఉండరు.

కాలేజీలను కలుపుకోవాలి. ఫైనలియర్ ప్రాజెక్టును రెడీమేడ్‌గా కొని సబ్మిట్ చేసే పిల్లలు చాలామంది ఉన్నారు. దానికి బదులు పోయిన బ్యాచ్ బోర్డులో బయటపడ్డ లోపాన్ని ఈ బ్యాచ్ సరిచేస్తే అదే మంచి ప్రాజెక్టు. పుణె దగ్గర పాబల్ అనే పల్లెలో విజ్ఞాన్ ఆశ్రమ్ 2002లోనే ఫ్యాబ్ ల్యాబ్ (సొంతంగా వస్తువులు తయారుచేసుకునే వర్క్‌షాపు) పెట్టింది. పల్లెలో కుదరదనే మాటకు అదే జవాబు. పాలిటెక్నిక్ సార్లను, యూనివర్సిటీ వాళ్లను, ఏర్పేడు ఐఐటీ వాళ్లను అడగండి. చేతిలో బోర్డు, లోపాల చిట్టా పట్టుకుని వెళ్తే వినేవాళ్లు దొరుకుతారు.

డిజైన్ కుదురుకున్నాక ఇది నిజంగా ఓపెన్ హార్డ్‌వేరే అని చెప్పే ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ అసోసియేషన్ సర్టిఫికేషన్‌కు అప్లై చేయండి. 2016 నుంచి ఇస్తున్నారు, ఫీజు లేదు. మన దేశపు వస్తువులకు ఐఎన్‌తో మొదలయ్యే నంబరు వస్తుంది.

వైండింగ్ షాపు ఉన్న అన్నలకు ఒక్క మాట. ఈ ఎండాకాలం కాలిపోయి వచ్చిన ప్రతి మోటర్‌కూ హెచ్‌పీ ఎంత, బోరు లోతు ఎంత, ఎందుకు కాలింది అన్నది ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. డిజైన్ చేసే పిల్లలకు ముందుగా కావాల్సింది అదే.