వర్జీనియా 10వ కాంగ్రెషనల్ జిల్లా: ఓట్ల లెక్క తీసే పద్ధతి

కాంగ్రెషనల్ జిల్లా అంటే అమెరికా ప్రతినిధుల సభకు ఒక సభ్యుణ్ని పంపే నియోజకవర్గం. ఈ 10వ జిల్లాలో డెమోక్రాట్ జెన్నిఫర్ వెక్స్‌టన్‌కు 2018లో 56 శాతం ఓట్లొచ్చాయి, 2022లో 53. మూడు శాతం జారిపోయిందని రాసేస్తే అక్కడే తప్పులో కాలేసినట్టు. పేరు 10వ జిల్లానే, భూమి మాత్రం అది కాదు. 2021 డిసెంబర్‌లో వర్జీనియా సుప్రీంకోర్టు సరిహద్దులు మార్చింది. వించెస్టర్ సిటీ, ఫ్రెడరిక్, క్లార్క్ కౌంటీలు పోయాయి. ఫేర్‌ఫాక్స్‌లో చాలా భాగం పోయింది. ఫాకియర్, రాపహానక్ వచ్చి చేరాయి. లౌడన్ ఒక్కటే రెండింటిలోనూ గుండెకాయ.

కాబట్టి పాత ఫలితాల్ని నేరుగా పోల్చకండి. రాష్ట్ర ఎన్నికల శాఖ సైట్ నుంచి ప్రిసింక్ట్‌వారీ (ప్రిసింక్ట్ అంటే ఒక పోలింగ్ కేంద్రం పరిధి) ఫలితాల సీఎస్‌వీ ఫైలు, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక, దించుకుని, 2022, 2024 ఎన్నికలు జరిగిన సరిహద్దుల్లోకి ఏ ప్రిసింక్ట్ వస్తుందో చూసి 2016, 2020 ఓట్లను మళ్లీ కూడండి. రెండు జిల్లాల మధ్య చీలిన ప్రిసింక్టును సెన్సస్ బ్లాకుల్లో (జనగణన లెక్కలిచ్చే అతి చిన్న ప్రాంతాలు) 18 ఏళ్లు దాటిన జనాభా నిష్పత్తిలో పంచాలి. లెక్క సరిపోయిందో లేదో తేల్చడానికి ఒక గీటురాయి ఉంది: 2020 జనాభా ప్రకారం వర్జీనియాలో ఒక్కో జిల్లాకు దాదాపు 7,84,672 మంది. మీరు కూడిన ప్రిసింక్టుల జనాభా మొత్తం దానికి దూరంగా ఉంటే ఏదో ఊరు వదిలేశారు. చాలాసార్లు అది మనాసస్ లేదా మనాసస్ పార్క్ అవుతుంది. వర్జీనియాలో ఇలాంటి సిటీలు ఏ కౌంటీ కిందికీ రావు. సెన్సస్ లెక్కల్లో పక్కనున్న ప్రిన్స్ విలియం కౌంటీ కోడ్ 51153 అయితే మనాసస్‌ది 51683, మనాసస్ పార్క్‌ది 51685.

2020 ప్రిసింక్ట్ మ్యాపు చూసి కంగారు పడకండి. ఆ ఏడాది ముందస్తు, పోస్టల్ ఓట్లు ప్రిసింక్టుల్లో కాకుండా కౌంటీ స్థాయిలో ‘సెంట్రల్ ఆబ్సెంటీ’ పద్దులో పడ్డాయి. పోలింగ్ రోజు వచ్చినవాళ్లలో ట్రంప్ ఓటర్లు ఎక్కువ కాబట్టి, బైడెన్ గెలిచిన పేటలు కూడా ఎర్రగా, అంటే రిపబ్లికన్ల రంగులో, కనిపిస్తాయి. ఆ పద్దును కౌంటీలోని ప్రిసింక్టులకు పంచితే తప్ప మ్యాపు పనికిరాదు. ఆ పంపకం కూడా అంచనానే, అది మ్యాపు కింద రాసిపెట్టండి. తర్వాత చట్టం మార్చి ఆ ఓట్లనూ ప్రిసింక్ట్‌వారీగా ఇస్తున్నారు.

పోల్చేటప్పుడు అధ్యక్ష ఎన్నికను అధ్యక్ష ఎన్నికతోనే పోల్చండి. లౌడన్‌లో 2020లో బైడెన్ ఆధిక్యం 25 పాయింట్లు. మరుసటి ఏడాది గవర్నర్ ఎన్నికలో డెమోక్రాట్ అభ్యర్థి టెర్రీ మెకాలిఫ్‌కు 11. ఏడాదిలో అంతమంది మనసు మారిందని అనలేం, ఓటేయడానికి వచ్చిన జనమే వేరు. 2024లో హ్యారిస్ ఆధిక్యం 16-17 పాయింట్లకు తగ్గడం మాత్రం నిజమైన కదలికే. అదే ఎన్నికలో 10వ జిల్లా నుంచి డెమోక్రాట్ సుహాస్ సుబ్రమణ్యం నాలుగైదు పాయింట్ల తేడాతో గెలిచారు. వర్జీనియా నుంచి కాంగ్రెస్‌కు వెళ్లిన తొలి భారతీయ అమెరికన్ ఆయనే.

ఇక జనం సంగతి. లౌడన్ జనాభా 2000లో 1,69,599. 2020లో 4,20,959. యాష్‌బర్న్, సౌత్ రైడింగ్ వైపు తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నా, హెచ్-1బి మీదున్నవాళ్లు జనాభాలో లెక్కకొస్తారు గానీ ఓటర్లలో రారు. గ్రీన్‌కార్డు వచ్చినా అంతే. అందుకే మొత్తం జనాభా కాదు, వయోజన పౌరుల సంఖ్య కావాలి. సెన్సస్ వాళ్ల అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో బి05003 పట్టిక తీయండి. 9, 11, 20, 22 వరుసలు కూడితే చాలు: పుట్టుకతో పౌరులు, తర్వాత పౌరసత్వం తీసుకున్నవాళ్లు, మగ, ఆడ. ఆసియన్లకు మాత్రమే కావాలంటే బి05003డి. సర్వే అంకెల పక్కనుండే పొరపాటు పరిధిని (మార్జిన్ ఆఫ్ ఎర్రర్) మాత్రం అలా కూడకూడదు. ఒక్కోదాని వర్గం తీసి, వాటిని కూడి, వర్గమూలం తీయాలి. ప్రిసింక్ట్ స్థాయికి దిగేకొద్దీ ఈ పరిధి అసలు అంకె కంటే పెద్దదైపోతుంది. అక్కడ ఆగిపోవడం మేలు.

‘ఇక్కడ రిజిస్టర్డ్ డెమోక్రాట్లు ఇంతమంది’ అని ఎవరైనా జాబితా చూపిస్తే నమ్మకండి. వర్జీనియాలో ఓటరు నమోదులో పార్టీ గడే లేదు. అవి ఎవరో గీసుకున్న అంచనాలు.

చివరగా, భారతీయులు ఎక్కువున్న ఒక ప్రిసింక్టులో హ్యారిస్‌కు ఓట్లు తగ్గాయనుకుందాం. ‘భారతీయులు అటు మళ్లారు’ అని ఆ అంకె చెప్పదు, మళ్లింది పక్కింటివాళ్లే కావచ్చు. ‘భారతీయులు ఎక్కువున్న ప్రిసింక్టులో ఇంత తగ్గింది’ అని మాత్రమే రాయండి.