మాడుకు జిడ్డు పడుతుంటే తలస్నానం ఎలా చేయాలి?

పొద్దున తలస్నానం చేసి బయలుదేరితే సాయంత్రానికే జుట్టు నెత్తికి అతుక్కుపోతోందని చాలామంది వాపోతుంటారు. ఉప్పల్ నుంచి మాదాపూర్ దాకా హెల్మెట్ పెట్టుకుని బండి నడిపేవారి సంగతి చెప్పనక్కర్లేదు. ఇంట్లో పెద్దలు మాత్రం "రోజూ తల రుద్దుకోకు, ఇంకా జిడ్డు ఊరుతుంది" అంటారు. ముందు ఈ మాటను పక్కన పెట్టండి.

మాడు చర్మంలో వెంట్రుక కుదుళ్లను ఆనుకుని చిన్న చిన్న తైలగ్రంథులు ఉంటాయి. వాటిలో ఊరే జిడ్డునే సీబం అంటారు. అది ఎంత ఊరాలన్నది ప్రధానంగా ఆండ్రోజెన్ హార్మోన్ల (మగవారిలో ఎక్కువగా, ఆడవారిలో కొద్దిగా ఉండేవి) మీద, వంశపారంపర్యం మీద ఆధారపడి ఉంటుంది. యుక్తవయసు రాగానే మొహం మీద మొటిమలు, తలలో జిడ్డు కలిసి మొదలయ్యేది అందుకే. షాంపూ పైన చేరినదాన్ని కడిగేస్తుంది, అంతే. మీరు తల కడిగిన సంగతి లోపలి గ్రంథికి తెలియదు, తెలిసి పంతానికి పోయి రెట్టింపు నూనె ఊరించదు. బిర్యానీ తిన్నా ఆ నూనె తిన్నగా నెత్తికి ఎక్కదు. సాఫీగా ఉండే జుట్టు మీద సీబం తేలిగ్గా కిందికి పాకుతుంది కాబట్టి జిడ్డు త్వరగా కనబడుతుంది. ఉంగరాల జుట్టువారికి ఆ బాధ కొంత తక్కువ.

1. మీకు ఎన్ని రోజులకోసారి అవసరమో చూసుకోండి

తలస్నానం చేసిన మర్నాడు ఉదయం పాపిట తీసి, పల్చటి టిష్యూ కాగితాన్ని మాడుకు కాసేపు అదిమి పట్టి వెలుతురులో చూడండి. కాగితం మీద నూనె మరక తేలితే మీరు రోజూ, లేదంటే రోజు విడిచి రోజు తల కడుక్కోవచ్చు. మరక లేకపోతే మరో రోజు ఆగవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో చెమట తోడవుతుంది కాబట్టి ఈ లెక్క మారుతుంది. వారానికి ఒక్కసారే, అదీ ఆదివారమే అన్న నియమం సెలవు దొరికే రోజును బట్టి వచ్చింది. మీ మాడుకు ఆదివారంతో పనిలేదు.

2. కడగవలసింది మాడును

జిడ్డు ఊరేది మాడులో అయితే, చాలామంది నురగంతా జడకు పట్టించి రుద్దుతారు. కొసలు ఎండి చిట్లిపోతాయి, మాడు మాత్రం అలాగే ఉంటుంది. ఇలా చేసి చూడండి:

ముందు పొడిజుట్టుకు చిక్కు తీయండి. తర్వాత గోరువెచ్చని నీళ్లతో కుదుళ్ల దాకా బాగా తడపండి. చలికాలమని గీజరు నీళ్లు పొగలు కక్కుతుండగా పోసుకుంటే మాడు మంట పుడుతుంది, అంతకు మించి ప్రయోజనం లేదు. షాంపూను నేరుగా నడినెత్తిన పోయకుండా అరచేతిలో కొంచెం నీళ్లతో కలపండి. మొదట మెడ వెనుక, చెవుల వెనుక పట్టించి, ఆపై కణతలకు, చివరగా నడినెత్తికి రండి. ఆ వెనక భాగాలనే తొందరలో అందరూ వదిలేస్తారు. గోళ్లు తగలకుండా వేలికొనలతో, చర్మం కొద్దిగా కదిలేలా ఒకటి రెండు నిమిషాలు రుద్దండి. జిడ్డు ఎక్కువగా ఉంటే మొదటిసారి నురగ రాదు. ఒకసారి నీళ్లతో కడిగేసి, సగం షాంపూతో మళ్లీ రుద్దితే నురగ దానంతట అదే వస్తుంది. జడ పొడవునా విడిగా రుద్దనక్కర్లేదు, కడిగేటప్పుడు కిందికి జారే నురగ చాలు.

కండిషనర్ వాడేవారు చెవుల కింది నుంచి కొసల దాకా మాత్రమే రాసుకోవాలి. పొట్టి జుట్టుకు అది లేకపోయినా ఏమీ కాదు. చివరగా వేళ్లకు జారుడు తగలనంతవరకు నీళ్లు పోయండి. షాంపూ మిగిలిపోతే మధ్యాహ్నానికి దురద మొదలవుతుంది.

ఏ షాంపూ అంటే, జిడ్డు జుట్టుకని సీసా మీద రాసి ఉన్న సాదా షాంపూ ఏదైనా సరే. బాదం నూనె, కొబ్బరి నూనె, వెన్న వంటివి కలిపామని గొప్పలు చెప్పేవి మీకు కాదు. ధరను చూసి గుణం లెక్కగట్టకండి.

3. కుంకుడుకాయలు మానాలా?

మానక్కర్లేదు. కుంకుడు తొక్కల్లో సాపోనిన్లు ఉంటాయి, నురగ వచ్చేదీ జిడ్డు వదిలేదీ వాటివల్లే. గింజలు తీసి, తొక్కలను రాత్రి నానబెట్టి, ఉదయం పిసికి వడకట్టండి. నలక మిగిలితే జుట్టులో ఇరుక్కుంటుంది. రసం కంట్లో పడితే ఎలా మండుతుందో చిన్నప్పుడు తలంటు పోయించుకున్నవారికి చెప్పాలా? అయితే నూనె బాగా పట్టించిన తలకు ఒక్క విడత రసం సరిపోదు, రెండు విడతలు కావాలి. సీకాయ పొడి వాడితే మెత్తగా జల్లించుకోండి.

నిమ్మరసం, వంటసోడా జోలికి మాత్రం వెళ్లకండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమలవచ్చు. వంటసోడా క్షారగుణం వల్ల మాడు, వెంట్రుకలు రెండూ గరుకెక్కుతాయి.

4. నూనె ఎక్కడ రాయాలి?

ఇంట్లో గొడవ మొదలయ్యేది ఇక్కడే. "నూనె లేకపోతే జుట్టు ఎలా పెరుగుతుంది?" అని అమ్మమ్మలు అడుగుతారు. కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి, తలస్నానంలో ప్రొటీన్ పోకుండా కొంత కాపాడుతుంది, అది నిజం. కానీ ఆ మేలు వెంట్రుక పొడవుకు. కుదుళ్ల దగ్గర ఇప్పటికే నూనె ఉన్న మాడుకు మరింత నూనె దేనికి? పైగా చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే ఈస్ట్ (కంటికి కనబడని ఒక రకం శిలీంధ్రం) మాడు మీది కొవ్వులనే తిని బతుకుతుంది. కాబట్టి స్నానానికి గంట ముందు జడ మధ్య నుంచి కొసల దాకా కొద్దిగా రాసి కడిగేయండి. తలంటు సరదా పండుగ రోజుకు ఉంచుకోండి. రాత్రంతా నూనె తలతో పడుకోవడం మాత్రం మానేయండి.

5. నీళ్ల సంగతి

నగరంలో చాలా అపార్టుమెంట్లలో స్నానానికి వచ్చేది బోరు నీళ్లు, లేదంటే ట్యాంకరు నీళ్లు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే సబ్బు విరిగి తెల్లటి తెట్టు కడుతుంది. అది జుట్టుకు అంటుకుంటే కడిగిన తలే బరువుగా, బంకగా అనిపిస్తుంది. అందుకే ఒంటి సబ్బుతో తల రుద్దకండి. నల్లా నీళ్లు వచ్చినప్పుడు ఒక బకెట్ పట్టి ఉంచుకుని, ఆఖరి రెండు చెంబులు వాటితో పోసుకుంటే తేడా చేతికే తెలుస్తుంది.

6. మిగిలిన రోజంతా

తడి జుట్టును ముడి వేయకండి, దాని మీద హెల్మెట్ అసలే వద్దు. హెల్మెట్ కింద పల్చటి నూలు గుడ్డ కట్టుకుని, దాన్ని రోజూ ఉతకండి. దిండు గలీబు వారానికోసారైనా మార్చాలి. దువ్వెన పళ్ల మధ్య పేరుకున్న నల్లటి జిడ్డును పాత పళ్లబ్రష్షు, షాంపూ నీళ్లతో తోమండి. నూనె పట్టిన గిన్నెను వట్టి నీళ్లతో తొలిచినట్టు, దువ్వెనను కుళాయి కింద పెట్టి తీస్తే సరిపోదు. ఊరికే దువ్వుతూ ఉంటే కుదుళ్ల జిడ్డు కొసలదాకా పాకుతుంది. నీళ్లు లేకుండా తలకు చల్లుకునే డ్రై షాంపూ జిడ్డును పీల్చుకుంటుందే తప్ప తలను శుభ్రం చేయదు. పెళ్లికి వెళ్లే తొందరలో ఒకపూటకు పనికొస్తుంది.

7. చుండ్రు ఉంటే

జింక్ పైరిథియోన్ లేదా సెలీనియం సల్ఫైడ్ ఉన్న షాంపూ వాడి చూడండి. 2 శాతం కీటోకొనజోల్ షాంపూ అయితే సాధారణంగా వారానికి రెండుసార్లు, 2 నుంచి 4 వారాలు వాడతారు. ఏదైనా సరే, తలకు పట్టించిన వెంటనే కడిగేస్తే మందు పనిచేయడానికి సమయం ఉండదు, 3 నుంచి 5 నిమిషాలు ఆగాలి. గర్భిణులు ముందు డాక్టరును అడగాలి.

కనుబొమల్లో, ముక్కు పక్కల ఎర్రబడి పసుపు రంగు పొలుసులు లేచినా, మాడు మీద పుండ్లు పడినా, జుట్టు గుత్తులుగా ఊడుతున్నా చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ ఆ విభాగాలు ఉన్నాయి. ఆడవాళ్లలో జిడ్డుతో పాటు నెలసరి తప్పడం, గడ్డం దగ్గర వెంట్రుకలు రావడం కనిపిస్తే హార్మోన్ల పరీక్ష అవసరం కావచ్చు. వెళ్లే రోజు తలకు నూనె రాయకండి, మాడు డాక్టరుకు సరిగా కనబడదు. వాడుతున్న షాంపూ సీసాను, తింటున్న మాత్రల చీటీని వెంట తీసుకెళ్లండి.