పళ్లు వచ్చే బిడ్డ చిగుళ్లకు జెల్ పూసే ముందు

"పళ్లొస్తుండాయన్నా, రాత్రంతా ఏడస్తా ఉంది, చిగుళ్లకు పూసే జెల్ ఏదన్నా ఇవ్వు" అంటూ ఆరేడు నెలల బిడ్డను చంకన వేసుకొని కావలిలోని మా మందుల దుకాణానికి వచ్చే తల్లులు చాలామందే ఉంటారు. బిడ్డకు ఎన్నో నెల, డాక్టరు గారు రాశారా అని నేను తప్పనిసరిగా అడుగుతాను. ఈ ప్రశ్నలకు విసుక్కొని, ఇంట్లో తాతగారి నోటిపూతకు కొన్న ట్యూబు ఉందని, దానినే పూస్తామని వెళ్లిపోయేవారు కూడా ఉన్నారు. ఆ ట్యూబు విషయమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

పెద్దల నోటిపూతకు మన దగ్గర అమ్మే జెల్స్‌లో చాలావాటిలో కోలిన్ శాలిసిలేట్ ఉంటుంది. ఇది ఆస్పిరిన్ జాతికి చెందిన మందు. పిల్లలలో కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ భయం ఉన్నందున, బ్రిటన్‌లో 2009 నుంచి పదహారేళ్ల లోపువారికి ఇలాంటి జెల్ వాడవద్దని చెబుతున్నారు. ట్యూబు మీద చూడవలసిన రెండో పేరు బెంజోకైన్. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని రూపంలోకి మార్చగలదు. 1971 నుంచి ఇటువంటి కేసులు 400కు పైగా నమోదైనందున, రెండేళ్ల లోపు పిల్లలకు దీనిని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో స్పష్టంగా ప్రకటించింది. మూడోది లిడోకైన్. దీని చిక్కటి ద్రవాన్ని మింగిన పసిపిల్లలకు మూర్ఛలు వచ్చి, గుండె లయ తప్పి, మరణాలు సైతం సంభవించినందున, పళ్లు వచ్చేటప్పటి నొప్పికి దానిని వాడవద్దని 2014లో అదే సంస్థ హెచ్చరించింది. కాబట్టి ట్యూబు మూత తీయడానికి ముందే దాని మీది చిన్న అక్షరాలను చదవాలి. చదవడం రాకపోతే దుకాణంలో చదివించుకోవాలి. మొదటి రెండు పేర్లలో ఏది కనిపించినా ఆ ట్యూబును బిడ్డ దరిదాపులకు రానీయకూడదు. మూడోది కనిపిస్తే, డాక్టరు గారు బిడ్డను చూసి రాయనిదే పూయకూడదు.

ఇంతకీ జెల్ అసలు అవసరమా అంటే, చాలామంది బిడ్డలకు అవసరం ఉండదు. చొంగ ఎడతెగకుండా కారుతున్న నోట్లో పూసిన జెల్ కొద్ది నిమిషాలకే చిగురు మీద నుంచి జారి గొంతులోకి పోతుంది. నొప్పి అంతగా తగ్గదు, మందు మాత్రం కడుపులో చేరుతుంది.

అయినా పిల్లల డాక్టరు గారు బిడ్డను చూసి, తక్కువ మోతాదు లిడోకైన్ జెల్ రాసి ఇచ్చారనుకుందాం. ఎంత పూయాలి, ఎన్ని గంటలకొకసారి, రోజుకు ఎన్నిసార్లకు మించకూడదు అనే మూడు విషయాలను చీటీ మీద రాయించుకోండి. ముందుగా బిడ్డకు పాలు పట్టండి. పూసిన తరువాత నాలుక, గొంతు మొద్దుబారి బిడ్డ రొమ్మును సరిగా పట్టలేదు, మింగేటప్పుడు పొలమారవచ్చు. గోళ్లు కత్తిరించుకొని, చేతులు సబ్బుతో కడుక్కొని, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టి, చిగురు మీది చొంగను శుభ్రమైన గుడ్డతో అద్దండి. చెప్పినంత జెల్‌ను మాత్రమే వేలి కొనతో తీసుకొని, పన్ను ఉబ్బి కనిపించే చోట పూయండి. నోరంతా పులమకూడదు, పాలపీకకు రాయకూడదు. ఏడుపు ఆగలేదని గడువుకు ముందే మళ్లీ పూయకూడదు. పూసిన వేళను గోడ మీది క్యాలెండరులో రాసి ఉంచండి. తల్లి పూసిన సంగతి తెలియక అరగంటకే అమ్మమ్మ మళ్లీ పూయడం మన ఇళ్లలో జరగనిది కాదు.

పూసిన తరువాత రెండు గంటలైనా బిడ్డను కనిపెట్టి ఉండాలి. పెదవులు, గోళ్లు బూడిద రంగుకో నీలానికో తిరగడం, ఎగశ్వాస, లేపినా లేవని మగత, ఒళ్లు కొట్టుకోవడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి, ట్యూబును వెంట తీసుకుపోండి. బెంజోకైన్ వల్ల రక్తం మారినప్పుడు ఆక్సిజన్ పెట్టినంత మాత్రాన నీలం తగ్గదు, మిథిలీన్ బ్లూ అనే ఇంజెక్షన్ కావాలి. ఏ మందు పడిందో తెలిస్తేనే డాక్టరుకు ఆ ఆలోచన త్వరగా వస్తుంది. ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ల నుంచి నెల్లూరు పెద్దాసుపత్రి చేరడం గంటల మీది పని కనుక, తెల్లవారనిద్దామని ఆగవద్దు.

జెల్ లేకుండా చేయగలిగినవే ఎక్కువ. శుభ్రమైన వేలితో చిగురును ఒకటి రెండు నిమిషాలు మెల్లగా ఒత్తి రుద్దితే చాలామంది బిడ్డలు ఊరుకుంటారు. మెత్తటి నూలు గుడ్డను తడిపి ఫ్రిజ్‌లో చల్లబరచి, ఒక కొసను మీరు పట్టుకొని రెండో కొసను నమలనివ్వవచ్చు; గడ్డకట్టిన వస్తువు మాత్రం చిగురును గాయపరుస్తుంది. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నాలలో, కాచి చల్లార్చిన నీళ్ల సీసాను కుండలో ఉంచి ఆ నీటితో గుడ్డ తడిపినా సరిపోతుంది. లోపల ద్రవం లేని గట్టి రబ్బరు టీథర్ (బిడ్డ నమిలే బొమ్మ) మంచిది. చలవ చేస్తుందని ముంజ ముక్క నోట్లో పెట్టడం వద్దు, అది జారి గొంతుకు అడ్డం పడుతుంది. చిగుళ్లకు తేనె రాయడం మనకు పాత అలవాటు. నల్లమల తేనె ఎంత స్వచ్ఛమైనదైనా ఏడాది నిండని బిడ్డకు పనికిరాదు. అందులో ఉండగల సూక్ష్మజీవి బీజాలు పసిపేగులో పెరిగి బొటులిజం అనే పక్షవాతాన్ని తెస్తాయి. పూసల గొలుసులు నిద్రలో మెడకు బిగుసుకుంటాయి కాబట్టి అవీ వద్దు.

నొప్పి మరీ ఎక్కువైతే డాక్టరు గారు పారాసిటమాల్ రాస్తారు. బిడ్డ బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన మోతాదు నిర్ణయిస్తారు. ఇక్కడ ఒక పొరపాటుకు ఎప్పుడూ ఆస్కారం ఉంది. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటే, సిరప్‌లలో 5 మిల్లీలీటర్లకు 125 లేదా 250 ఉంటాయి. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే బిడ్డకు రెండు నుంచి నాలుగు రెట్లు మందు పడుతుంది. సీసా మారినప్పుడల్లా కొలతను మళ్లీ అడగండి, సీసాతో వచ్చిన కొలపాత్రనే వాడండి.

పళ్లు వచ్చేటప్పుడు ఒళ్లు కాస్త వెచ్చబడవచ్చు గాని, 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటిన జ్వరం పళ్ల వల్ల వచ్చినది కాదు. నీళ్ల విరేచనాలు, వాంతులు, పాలు మానేయడం కూడా అంతే. "పళ్ల విరేచనాలులే" అని ఇంట్లోనే ఉంచి, కళ్లు లోపలికి పోయాక తీసుకువచ్చిన బిడ్డలను నేను చూశాను. అటువంటప్పుడు ఓఆర్ఎస్ పట్టిస్తూ అదే రోజు డాక్టరు గారికి చూపించండి.